పడెడి రాయి చెప్పు లెక్క

మన ఉన్నత పాఠశాలలలోను, జూనియరు కళాశాలలలోను భౌతికశాస్త్ర విద్యార్థులు చేయదగిన ప్రయోగములలో భూమ్యాకర్షణ త్వరణమును కనుగొనుట యొకటి. మేడమీదినుండి ఒక ఇనుపగుండును విడుచుట, అది నేలను తాకువఱకు పట్టిన కాలమును గడియారముతో కొలుచుట, ఎత్తును కాలమును బట్టి లెక్క కట్టుట, ఇంతియే దాని విధానము. ఇందు వింతయేమనగా, ప్రయోగము చేసినవారు నలువదిమంది యైనను రికార్డు పుస్తకములలో అందఱి ఫలితమును తఱచుగా నొక్కటియే యగుచున్నది: 9.8, లేక 9.81. నలువదిమంది చేతులు ఒక్క క్షణమున ఒక్క తీరుగా మెదలుట లోకములో ఎక్కడను లేదు. కావున ఈ సంఖ్య గుండుతో పాటు మేడమీదినుండి దిగినది కాదు. పాఠ్యపుస్తకమునుండి బయలుదేరి, ప్రక్కవాని రికార్డు మీదుగా నడచి, మన రికార్డునకు చేరినది.

దీనిని పెద్దలు చిన్న విషయముగా నెంచుచున్నారు. "ఎట్లయిన నేమి, సరియైన జవాబు వ్రాసినాడుగదా" యని కొందఱందురు. ఆ జవాబు సరియైనది కాదనియు, అయినను దానిని అట్లు వ్రాయుట తగదనియు, ఈ ప్రయోగమునకు గల విలువ యంతయు తప్పుగా కనబడు సంఖ్యలలోనే యున్నదనియు నా యభిప్రాయము. దానికి గల కారణములను ఈ పత్రిక చదువు బాలబాలికలకును, వారి తల్లిదండ్రులకును, నా తోడి యుపాధ్యాయులకును విన్నవించుచున్నాను.

మొదట విషయమును తెలిసికొందము. చేతినుండి విడిచిన రాయి ఒకే వేగముతో పడదు. పడుకొలది దాని వేగము హెచ్చుచుండును. ప్రతి సెకండునకును ఎంత వేగము హెచ్చుచున్నదో ఆ మొత్తమునకే గురుత్వ త్వరణమని పేరు. అది సెకండునకు రమారమి 9.8 మీటర్ల చొప్పున హెచ్చును. ఒకటవ సెకండులో రాయి పడిన దూరమును ఒక పాలుగా నెంచినచో, రెండవ సెకండులో మూడు పాళ్లు, మూడవ సెకండులో ఐదు పాళ్లు, నాలుగవ సెకండులో ఏడు పాళ్లు పడును. ఈ నియమమును గెలీలియో తన 1638వ సంవత్సరపు గ్రంథములో ప్రకటించెను. సూటిగా పడు వస్తువును కొలుచుటకు తగిన గడియారము ఆ దినములలో లేదు. అందుచేత నతడు వాలుపలకమీద కంచుగుండును దొర్లించి, సన్నని ధారగా కారిన నీటిని తూచి కాలమును కొలిచెను. పరికరము తక్కువైనప్పుడు ఉపాయము హెచ్చవలెనుగాని, జవాబు ముందుగా వ్రాసికొనుట కాదని ఆ మహనీయుని పని మనకు చెప్పుచున్నది.

ఇక మన మేడమీది ప్రయోగమును పరిశీలింతము. ఎత్తు సరిగా 5 మీటర్లనుకొందము. లెక్క మిక్కిలి సులభము: 10ని కాలముయొక్క వర్గముచే భాగించినచో త్వరణము వచ్చును. గడియారము 1.00 సెకండు చూపినచో ఫలితము 10.0. 0.95 చూపినచో 11.1. 1.05 చూపినచో 9.1. 1.10 చూపినచో 8.3. అనగా సెకండులో ఇరువదవ వంతు తేడా వచ్చినచో ఫలితములో ఇంచుమించు ఒక పూర్తి అంకె మాఱిపోవుచున్నది. కంటితో చూచి, వ్రేలితో మీట నొక్కుటకు మనుష్యునకు సుమారు సెకండులో ఐదవ వంతు పట్టును. గుండు విడుచునప్పటి యాలస్యమును, అది నేలను తాకునప్పటి యాలస్యమును కొంతవఱకు ఒకదానితో నొకటి చెల్లిపోవును, పూర్తిగా చెల్లవు. కావున చేతిగడియారముతో నిజాయితీగా కొలిచిన తరగతిలో ఒకనికి 8.5, ఒకనికి 9.4, మఱియొకనికి 10.8 వచ్చుట సహజము. ఇట్టి సంఖ్యలు సిగ్గుపడదగినవి కావు. మన చేతికిని కంటికిని గల శక్తి యెంతటిదో అవి ఉన్నది ఉన్నట్లు చెప్పుచున్నవి.

9.81 రావలెనన్నచో ఆ గడియారము 1.0096 సెకండ్లు చూపవలెను. వెయ్యవ వంతులవఱకు నమ్మదగిన వ్రేలు ఏ బాలునికి గలదు? మఱియు పైనున్నవాడు గుండు తాకిన చప్పుడు విని మీట నొక్కెనేని, ఆ చప్పుడు 5 మీటర్లు పైకి వచ్చుటకే సుమారు 0.015 సెకండు పట్టును. ఇన్ని దోషములు కూడియున్న కొలతనుండి పుస్తకములోని సంఖ్య పొల్లు పోకుండ వచ్చినచో దానిని చూచి సంతసింపరాదు, శంకింపవలెను. మన పల్లెలలో ఇట్టివానికి కాకిలెక్కలని పేరు.

ఇంతకంటె చిత్రమైన సంగతి యొకటి కలదు. 9.81 అను సంఖ్య మన గోదావరి సీమది కానేకాదు. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటచేతను, నడుమ కొంచెము ఉబ్బి ధ్రువముల యొద్ద అణగియుండుటచేతను, ఆకర్షణ యన్నిచోట్ల సమముగా నుండదు. సముద్రమట్టమున భూమధ్యరేఖ యొద్ద నది 9.780, ధ్రువముల యొద్ద 9.832. లండను నగరమున 9.812. పుస్తకములలో ప్రమాణముగా చూపు 9.80665 అనునది 1901వ సంవత్సరమున దేశదేశముల ప్రతినిధులు కూడి యేర్పఱచుకొన్న ఒడంబడిక సంఖ్య. రాజమహేంద్రవరము, కాకినాడ, ఏలూరు పదునేడవ అక్షాంశమునకు చేరువగా నున్నవి. అచ్చటికి సూత్రప్రకారము వచ్చు విలువ 9.785. కావున మన పిల్లవాడు తన రికార్డులో 9.81 అని వ్రాసినప్పుడు తాను కొలువని సంఖ్యను, అందులోను పరాయి యూరి సంఖ్యను వ్రాయుచున్నాడు. 5 మీటర్ల పతనములో ఈ రెంటికిని గల భేదము 0.0013 సెకండు మాత్రమే. చేతిగడియారము దానిని ఎన్నడును కనిపెట్టజాలదు.

ఇంత స్వల్పభేదముతో మనకేమి పనియని యడుగవచ్చును. 1672వ సంవత్సరమున జీన్ రిషే అను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు భూమధ్యరేఖకు సమీపముననున్న కయెన్ అను చోటికి పోయెను. పారిసులో సరిగా నడచిన లోలకపు గడియారము అచ్చట దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడుట నతడు గమనించెను. గడియారము చెడినదని దానిని సరిదిద్ది ఊరకుండక, ఆ సంగతిని వ్రాసిపెట్టెను. భూమి సరియైన గోళము కాదని న్యూటను వాదించుటకు ఆ వ్రాత ముఖ్యాధారములలో నొకటి యయ్యెను. ఆ లెక్కనే మన యూరికి వర్తింపజేసినచో, లండనులో సరిదిద్దిన లోలకపు గడియారమును కాకినాడలో వ్రేలాడదీసినచో అది దినమునకు సుమారు రెండు నిమిషములు వెనుకబడవలెను.

కాకినాడ పేరెత్తుటకు వేఱొక కారణమును కలదు. 1865 మొదలు 1873 వఱకు భారతదేశపు త్రికోణమితి సర్వేవారు దేశమునందు పలుచోట్ల ఆకర్షణను కొలిపించిరి. లండనులోని రాయల్ సొసైటీవారు ఎరువిచ్చిన రెండు ఇత్తడి లోలకములతో, గాలి తీసివేసిన పాత్రలో, కెప్టెన్ బసేవి యను ఇంజనీరు ఈ పనిని నడపెను. అట్టి స్థానములలో మన కాకినాడ యొకటి. తెలంగాణమునందలి కొడంగల్ మఱియొకటి. మదరాసు, కలకత్తా మొదలైన తీరప్రదేశములలోను, దేశమధ్యమునందును, కొండలమీదను ఆ లోలకములే ఊగెను. దినమునకు సుమారు 86,000 ఊపుల లోలకములో కొలది ఊపుల భేదమును కనిపెట్టుట వారి పని. కడకు లడకు ప్రాంతమున 15,000 అడుగులకు పైబడిన మోరే మైదానమునందు పని చేయుచు, ఆ చలికి తాళలేక బసేవి 1871వ సంవత్సరము జూలై 17వ తేదీన మరణించెను. మిగిలిన పనిని హెవీసైడు అను నాతడు పూర్తిచేసెను.

ఆ కొలతలవలన తేలినదేమి? హిమాలయము వంటి మహాపర్వతములమీద ఆకర్షణ హెచ్చుగా నుండునని యెవరైన ఊహింతురు. లోలకము వేఱుగా చెప్పినది: పర్వతప్రాంతమున లెక్కకు వచ్చినదానికంటె తక్కువ, సముద్రతీరమున, దేశమధ్యముతో పోల్చినచో, హెచ్చు. ఇట్టి సందేహము అంతకు ముందే పుట్టియుండెను. సర్వేవారు ఉత్తరదేశమున కలియానాకును మధ్యదేశమున కలియాన్‌పూరునకును గల దూరమును రెండు విధములుగా కొలువగా, ఆ రెంటికిని 5 కోణపు సెకండ్లకు కొంచెము మించిన భేదము వచ్చెను. కోణపు సెకండనగా డిగ్రీలో 3,600వ వంతు. కలకత్తా ఆర్చిడీకను ప్రాట్ అను నాతడు పర్వతముల యాకర్షణచే ఆ భేదము సుమారు 16 సెకండ్లు ఉండవలసినదని లెక్క కట్టి, అంత యేల రాలేదని 1855వ సంవత్సరమున ప్రశ్నించెను. పర్వతముల క్రింద తేలికపదార్థము లోతుగా దిగియుండి, నీటిపై మంచుగడ్డవలె తేలుచున్నదని ఎయిరీ యను శాస్త్రజ్ఞుడు ఆ సంవత్సరమే సమాధానము చెప్పెను. నేటి భూశాస్త్రమునకు అది యొక పునాదిరాయి. ఆ 5 సెకండ్లను ఎవరైన చేతిపొరపాటని తుడిచివేసి, పుస్తకములోని సంఖ్యను వ్రాసియుండినచో ఆ పునాది పడుటకు మఱి యెంతకాలము పట్టెడిదో!

పతనమును సూటిగా కొలిచినవారి కథయు ఇట్టిదే. ఇటలీ దేశమున రిచ్చియోలి యను జెస్విటు పాదిరి కలడు. గెలీలియో భూమి తిరుగుచున్నదనుటను అతడు ఒప్పుకొనలేదు. పడు వస్తువులను గూర్చిన నియమమును సందేహించెను. 1640 తరువాత, బొలోన్యా పట్టణమున సుమారు 97 మీటర్ల యెత్తుగల అసినెల్లి గోపురముమీదినుండి, తన సహచరులతో కలిసి గుండ్లను విడిచెను. కాలమును కొలుచు లోలకమునకు ముందుగా పరీక్ష పెట్టి, ఇరువదినాలుగు గంటలపాటు దాని యూపులను వంతులవారీగా లెక్కించిరి. కడకు గెలీలియో చెప్పిన ఒకటి, మూడు, ఐదు, ఏడు అను నియమమే సరియని తేలెను. తాను కాదనుకొన్న మాటయే నిజమని తేలినను, 1651వ సంవత్సరపు తన గ్రంథములో నతడు ఆ కొలతలను దాపఱికము లేక అచ్చువేయించెను. ఒక మనుష్యుడు తన యభిప్రాయమునకు విరుద్ధమైన సంఖ్యను తన చేతితో వ్రాసినప్పుడే ఆ సంఖ్యకు విలువ కలుగును.

ఈ మాట దూరదేశపు పండితులకే చెల్లుననుకొనరాదు. మన ధవళేశ్వరము బ్యారేజి యొద్ద వరదదినములలో నీటిమట్టము చదువుచుందురు. 11.75 అడుగులకు మొదటి ప్రమాదసూచన, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. ఆ సంఖ్యలనుబట్టి లంకగ్రామములవారు పశువులను తోలుకొని గట్టు ఎక్కవలెనా, ఇంటనే యుండవచ్చునా యని నిర్ణయించుకొందురు. అచ్చట మట్టము చదువువాడు నదివైపు చూడక, నిన్నటి సంఖ్యయో, అధికారి కోరిన సంఖ్యయో వ్రాసినచో నేమగును? నదిలోని నీరు వ్రాతనుబట్టి తగ్గదు. అట్టి పనివాడు ఎక్కడనో పుట్టడు. మన తరగతిలో కూర్చుండి, మన రికార్డు పుస్తకములో వ్రాసి, మన మార్కులు పొంది, ఒకనాడు ఆ యుద్యోగమునకు పోవును. ఆసుపత్రిలో జ్వరము చూచు నర్సు, కాలువగట్టున మట్టము తీయు సర్వేయరు, మందు తూచు కంపౌండరు, వీరందఱును మొదట కొలత నేర్చినది పాఠశాలలోనే. కనుక ఒక గుండు పడిన కాలమును ఉన్నదున్నట్లు వ్రాయించుట యుపాధ్యాయునకు చిన్న పని కాదు.

దీనికి నా తోడి యుపాధ్యాయులు చెప్పు ఆక్షేపణలు నేనెఱుగుదును. అవి త్రోసివేయదగినవి కావు. "పరీక్షకుడు వచ్చి 8.3 చూచినచో మార్కు తగ్గించును. పిల్లవాని భవిష్యత్తు మాట యేమి?" అని యొకరందురు. "అఱువదిమందికి ఒక్క గడియారము, నలువదియైదు నిమిషముల పీరియడు, పది పర్యాయములు ఎవరు కొలువగలరు?" అని మఱియొకరందురు. "తప్పు ఫలితమునకు మార్కు లిచ్చినచో సోమరితనమునకు బహుమానమిచ్చినట్లు కాదా?" అని వేఱొకరందురు. మూడవ ప్రశ్నకే మొదట సమాధానము చెప్పెదను. 8.3 వ్రాసి చేతులు దులుపుకొన్నవానికి మార్కు లిమ్మని నేను చెప్పుట లేదు. 8.3 ఏల వచ్చెనో, గుండు విడిచినవాడెవడో, మీట నొక్కినవాడెవడో, ఎత్తును ఎక్కడనుండి ఎక్కడికి కొలిచిరో, కాలములో 0.05 సెకండు తేడా వచ్చినచో ఫలిత మెంత మాఱునో వ్రాసినవానికి పూర్తి మార్కు లిమ్మని చెప్పుచున్నాను. సోమరికి ఈ పని చేతకాదు. 9.81 అని చూచి వ్రాయుటయే సోమరికి చేతనైన పని.

గడియారములు చాలవను మాట నిజమే. అయినను నేడు ఇంచుమించు ప్రతి యింట సెల్‌ఫోను కలదు. అందు గడియారమును, చలనచిత్రము తీయు సాధనమును ఉన్నవి. సెకండునకు 30 బొమ్మలు తీయు ఫోనుతో, గోడమీద గీచిన మీటరుకొలత ప్రక్కగా 1.2 మీటర్ల యెత్తునుండి బంతిని విడిచినచో, అది పడునంతలో సుమారు 15 బొమ్మలు లభించును. ప్రతి బొమ్మలోను బంతి యెక్కడ నున్నదో చూచి, ఒకటి, మూడు, ఐదు, ఏడు అను నియమమును పిల్లలు తమ కండ్లతో చూడవచ్చును. ఉపాధ్యాయుని యనుమతితో, ఆయన యెదుట, ఒక్క ఫోనుతో ఒక తరగతి యంతయు ఈ పని చేయవచ్చును.

పరీక్షకుని మాట మిగిలినది. అది యొక్క పాఠశాల వలన మాఱునది కాదు. అయినను మన చేతిలోని మూడు పనులు మనము చేయవచ్చును. మొదటిది, కొలత చూచిన వెంటనే సిరాతో వ్రాయించవలెను. తప్పని తోచినచో ఒక్క గీతతో కొట్టివేయవలెనుగాని చెఱిపివేయకూడదు. రెండవది, మన తరగతిలో ఇచ్చు మార్కులలో సగము కొలతలకును, సగము దోషవిచారమునకును ఇచ్చి, ఫలితము పుస్తకమునకు దగ్గఱగా నున్నదన్న కారణమున ఒక్క మార్కైనను ఇయ్యకూడదు. మూడవది, ఏటేట అందఱి ఫలితములను పేర్లు లేకుండ ఒక పెద్ద పుస్తకములో వ్రాసి ప్రయోగశాలలో నుంచవలెను. పదియేండ్లకు ఆ పుస్తకము మన పాఠశాల చేతినేర్పునకు చరిత్ర యగును.

ఇంతేకాదు, ఓపికగల పిల్లలకు ఇంకను గొప్ప పని కలదు. దారమునకు కట్టిన బరువును లోలకమందుము. అదియు పడుచున్న వస్తువే. దారము దానిని పూర్తిగా పడనీయక మరల లాగుచుండును. ఒక మీటరు పొడవుగల లోలకము మన సీమలో 300 పూర్తి యూపులకు 602.6 సెకండ్లు తీసికొనవలెను. ఆకర్షణ 9.81 గల చోట 601.8 సెకండ్లే పట్టును. ఈ 0.8 సెకండు భేదమును చేతిగడియారము సైతము కనిపెట్టగలదు! వ్రేలు చేయు దోషము ఇచ్చటను అంతే. కాని యది 300 ఊపులమీద పంచబడి స్వల్పమగుచున్నది. వలసినవి నాలుగే: సాగని దారము, అరకిలో బరువుగల గుండు, దారము వ్రేలాడు బిందువునుండి గుండు నడిమివఱకు పొడవును మిల్లీమీటరు వఱకు సరిగా కొలుచుట, అటునిటు 5 సెంటీమీటర్లకు మించకుండ ఊగించుట. ఆపైన ఊపులు లెక్కించుటలో తప్పిపోని పది నిమిషముల శ్రద్ధ. మేడమీదినుండి గుండును విడిచి సాధింపలేని దానిని, కిటికీ ప్రక్కన దారమునకు కట్టి సాధింపవచ్చును.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ కుమారుడో కుమార్తెయో ప్రాక్టికల్సు చేసి యింటికి వచ్చినప్పుడు, "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని యడుగుటకు ముందు, "నీకెంత వచ్చినది? నీ ప్రక్కవానికెంత వచ్చినది? తేడా యేల వచ్చినది?" అని యడుగుడు. ఇద్దఱకును ఒక్కటే వచ్చినదని చెప్పినచో, కోపింపక, మరల ప్రయోగశాలకు పంపుడు.

విద్యార్థులారా! గుండునకు మీ పుస్తకము చదువరాదు. అది లండనులో ఒక తీరునను, గోదావరి యొడ్డున ఇంకొక తీరునను పడుచునే యుండును. కాకినాడలో ఇత్తడి లోలకము ఊగి నూటయేబది యేండ్లు దాటినవి. అప్పటి కొలత పరదేశపు ఇంజనీరు చేసినది. మన పాఠశాల ప్రయోగశాల గోడమీద మన పిల్లలు కొలిచిన సంఖ్య యొకటి, దాని ప్రక్కనే దానియందలి దోషమెంతయో తెలుపు సంఖ్య మఱియొకటి, కొలిచిన తేదీతో కూడ వ్రాయబడవలెనని నా కోరిక. అది 9.785 కాకపోయినను సరియే. 9.7 అయినను, 9.9 అయినను, అది మనది యైనచో చాలును. వచ్చు సంవత్సరపు తరగతి దానిని సరిదిద్దును.